గవ్వమ్మకు ఒక ఖాతాదారు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ గవ్వమ్మ గారికి,

నమస్కారాలు. వేలెడు కూడా లేని నత్తలు మీరు. పగడపు దిబ్బల మీద నాచు గీరుకుని తింటూ మీ మానాన మీరు బతుకుతున్నారు. 1758లో స్వీడన్ నుంచి జీవులకు పేర్లు పెట్టే శాస్త్రవేత్త లిన్నేయస్ గారు మీకు ‘సైప్రియా మొనేటా’ అని పేరు పెట్టారు. మొనేటా అంటే నాణెం. ఆ తర్వాతి పండితులు మిమ్మల్ని ఆ ప్రజాతిలోంచి, అంటే ఆ ఇంటిపేరులోంచి తీసి ‘మొనెటేరియా మొనేటా’ చేశారు. ఇంటిపేరూ డబ్బే, పేరూ డబ్బే! మా వైపు కోటేశ్వరరావులకు కూడా ఇంత ధైర్యం లేదు. ప్రజాతి మారింది కాబట్టి రూలు ప్రకారం, మీ పేరు పక్కన పేరు పెట్టినవారిగా రాసే లిన్నేయస్ గారి పేరు బ్రాకెట్లలోకి వెళ్ళింది. మిమ్మల్ని నీళ్ళలో దిగి ఏరినవాళ్ళకు ఆ బ్రాకెట్లు కూడా దక్కలేదనుకోండి.

ఇక మీ చిరునామా. ఎర్రసముద్రం, తూర్పు ఆఫ్రికా మొదలుకుని మాల్దీవులు, లక్షద్వీప్, అండమాన్ మీదుగా హవాయి దాకా మీ సంసారమే. మీ పిల్లలు సముద్ర ప్రవాహాల్లో తేలుతూ పోతారు, వీసా గొడవ లేదు. ఇంత తిరిగినవారు అట్లాంటిక్‌లో మాత్రం కాలు పెట్టలేదు. తీరా చూస్తే ఆ ఒడ్డునున్న పశ్చిమ ఆఫ్రికాలోనే మీకు ఎక్కడలేని గిరాకీ! మనం లేనిచోటే మన విలువ అని మీకెవరు చెప్పారమ్మా?

14వ శతాబ్దంలో మాల్దీవుల్లో ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా మీ రేట్లు రాసిపెట్టాడు. మిమ్మల్ని ఏరి గోతుల్లో వేసేవారట. కండ కుళ్ళిపోయి తెల్లటి చిప్ప మిగిలాక అమ్మకం. బతికినంత కాలం నత్త, కంపు కొట్టాక కరెన్సీ. అక్కడ బంగారు దీనారుకు మీరు 4 లక్షలు, చవకైతే 12 లక్షలు. బెంగాలు వాళ్ళు బియ్యం పోసి కొనుక్కెళ్ళేవారు. అదే ఆయన పశ్చిమ ఆఫ్రికాలోని మాలి వెళ్ళి చూస్తే దీనారుకు 1,150! పొలం దగ్గర టమాటా మార్కెట్‌కొచ్చేసరికి కూడా ఇంత పెరగదు.

1778లో సిల్హెట్ (ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది) వెళ్ళిన ఈస్టిండియా కంపెనీ అధికారి రాబర్ట్ లిండ్సే పాట్లు వేరు. శిస్తు రెండున్నర లక్షల రూపాయలు, వసూలంతా గవ్వల్లో, రూపాయికి 5,120. కాలిక్యులేటర్ తీసి గుణించాను, 128 కోట్లు! దాచడానికి గోదాములు, ఢాకాకు చేర్చడానికి పడవల దండు. ఆ లెక్కలు చూసిన గుమాస్తాలను తలుచుకుంటే నాకిప్పుడు టెన్షన్ వస్తోంది.

ఇక్కడ కాస్త నవ్వు ఆపుతాను. యూరప్ ఓడలు మిమ్మల్ని ఆమ్‌స్టర్‌డామ్‌కు, లండన్‌కు చేర్చాయి. అక్కడ వేలంలో కొన్న వ్యాపారులు మిమ్మల్ని పశ్చిమ ఆఫ్రికా పట్టుకెళ్ళి, మీతో మనుషుల్ని కొన్నారు. ఆ ఖాతా పుస్తకాల్లో గవ్వలకు లెక్క ఉంది, అమ్ముడైనవాళ్ళకు చాలామటుకు పేరు కూడా లేదు. మీకేమో లాటిన్‌లో రెండు పేర్లు.

చివరికి మీ ఉద్యోగమూ ఊడింది. ఒడిశాలో కంపెనీవారు గవ్వలు చెల్లవు, శిస్తు వెండిలో కట్టండి అన్నారు. ఇంటినిండా గవ్వలున్న రైతు రాత్రికి రాత్రి బికారి. 1817లో ఖుర్దాలో పైకాలు, అంటే అక్కడి సంప్రదాయ సైనికులు, తిరగబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 2016 నవంబర్‌లో ఏటీఎం క్యూల్లో నిలబడ్డ మాకు ఆ రైతు బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. తిరగబడటం మాత్రం మావల్ల కాలేదు, క్యూ కదులుతుందేమోనని చూస్తూ ఉండిపోయాం.

మీవాళ్ళు నలుగురు మా ఇంట్లో అష్టాచెమ్మాకు పనిచేస్తున్నారు. బోర్లా పడితే ఎనిమిది, వెల్లకిలా పడితే నాలుగు. మీ జాతి చేసిన కొలువుల్లో ఎవరి కొంపా ముంచనిది ఇదొక్కటే. ఇందులోనూ మా పిన్ని తొండి చేస్తుంది.

ఇట్లు,
ఈఎంఐలు కట్టుకునే ఒక ఖాతాదారు