ఇచ్చింది ఒకటి, ముట్టింది పది

తీసివేతలో ‘అప్పు’ అనే మాట పెట్టినవాళ్లెవరో గానీ, జన్మలో ఎవరికీ అప్పు ఇచ్చి ఉండరు. ఇచ్చి ఉంటే వసూలు చేసే దారి కూడా చెప్పేవారు.

మా అన్నయ్య కూతురి నోటుబుక్కులో 52 లోంచి 27 తీసేస్తే 35 వచ్చింది. పక్కనే ఎర్ర ఇంటూ.

“ఎలా వచ్చిందే ఇది?” అన్నాడు అన్నయ్య.

“రెండులోంచి ఏడు పోదు నాన్నా. ఐదు దగ్గర ఒకటి అప్పు తెచ్చా. పన్నెండులో ఏడు పోతే ఐదు. అటు నాలుగులో రెండు పోతే రెండు.”

“మరి పాతికే కదా?”

“పాతికే వచ్చింది. తర్వాత అప్పు తీర్చేశా.”

“ఈ అప్పు తీర్చక్కర్లేదమ్మా” అన్నాడు. ఫ్రెండు రబ్బరు తిరిగి ఇవ్వలేదని ముందురోజే దానికి గంటసేపు క్లాసు పీకిన మనిషి! పిల్ల వదిలిపెట్టలేదు. “అయినా ఐదు ఇచ్చింది ఒకటే కదా, రెండుకి పది ఎలా ముట్టింది?” వడ్డీ వ్యాపారులకు కూడా తట్టని ప్రశ్న.

నిజానికి అక్కడ అప్పేమీ లేదు. ఎడమ జేబులో నోటు తీసి, చిల్లర మార్చి, కుడి జేబులో వేసుకోవడమే. ఆ ఐదంటే యాభై, అందులోంచి ఒక పది ఇటు జరిగింది, అంతే. అప్పు తీర్చే పద్ధతి కూడా ఒకటుంది లెండి. పైన రెండుకు పది కలిపి, బదులుగా కింద పదుల అంకెకు ఒకటి కలుపుతారు. పన్నెండులో ఏడు పోతే ఐదు, ఐదులో మూడు పోతే రెండు. పిల్ల నిజాయితీలో లోపం లేదు, చెల్లింపే వేరే ఖాతాలో పడింది.

అసలు సిసలు అప్పు కావాలంటే మన పాతకాలపు గణితవేత్త బ్రహ్మగుప్తుణ్ణి అడగాలి. క్రీ.శ. 628లోనే ఆయన సున్నాకు పైనున్నదాన్ని ధనం, కిందున్నదాన్ని ఋణం అని, రెండింటికీ కలిపి సూత్రాలు రాసిపెట్టాడు. ఆ లెక్కన రెండులో ఏడు పోతే ఐదు ఋణం. యాభైలో ఇరవై పోతే మిగిలే ముప్పైలోంచి ఆ ఐదు కట్టేస్తే పాతిక. మొహమాటాల్లేవు.

ఇదంతా చెప్పి అన్నయ్య ఊపిరి పీల్చుకునేలోగా తర్వాతి లెక్క వచ్చింది: 1000 లోంచి 367. ఒకట్ల సున్నా పక్క సున్నాను అడిగింది. దాని దగ్గరా లేదు. అది ఆ పక్క సున్నాను అడిగింది. అక్కడా లేదు. చివరికి ఉన్న ఒక్కటీ ఒకటి ఇచ్చేసింది. పిల్ల పెన్సిలు పెట్టి చూసింది. “నాన్నా, మధ్యవాళ్లిద్దరికీ చెరో తొమ్మిది మిగిలింది. ఇచ్చినవాడికి సున్నా!”

వెనకటికి ఎవరికో హామీ సంతకం పెట్టిన అన్నయ్యకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.