బడిలో మతం గురించి మాట్లాడొద్దని రాజ్యాంగం చెప్పలేదు

హైస్కూల్ తెలుగు పిరియడ్‌లో వేమన పద్యం వస్తుంది. ‘చిత్తశుద్ధి లేని శివపూజలేలరా’. ప్రతిపదార్థం, భావం, నాలుగు బిట్లు రాయించేసరికి బెల్ కొడతారు. ‘సార్, అయితే గుడికి వెళ్లాలా, అక్కర్లేదా?’ అని ఒక పిల్లవాడు లేస్తే, ‘అది పరీక్షలో రాదు, కూర్చో’ అనే టీచర్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేను. క్లాసులో అన్న మాట సాయంత్రానికి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఏ రూపంలో తేలుతుందోనని వాళ్ల టెన్షన్. కానీ ఆ పద్యంలో అసలు పాఠం ఆ ప్రశ్నే.

రాజ్యాంగం ఒప్పుకోదు కదా అని చాలామంది అంటారు. 28వ అధికరణం ఏమంటుందో చూద్దాం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో పొందే మిగతా బళ్లలో అలాంటి బోధన ఉన్నా, విద్యార్థిని ఇష్టం లేకుండా కూర్చోబెట్టకూడదు. మైనరైతే సంరక్షకులు ఒప్పుకోవాలి. ఫలానా దేవుణ్ని నమ్ము, ఇలా ప్రార్థన చెయ్యి అనడం మతబోధన. ఎవరు ఏం నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు అని తెలుసుకోవడం చదువు. దేశంలో విద్యా విధానం ఎలా ఉండాలో సూచించడానికి కేంద్రం వేసిన 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ తేడా స్పష్టంగా చూపించి, ప్రధాన మతాల గురించి పిల్లలకు పాఠాలు ఉండాలని సూచించింది. బడి పాఠ్యప్రణాళికలో మతాల గురించి చెప్పడాన్ని సవాలు చేసిన అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల అధ్యయనానికి 28వ అధికరణం అడ్డు కాదంది. దీనివల్ల లౌకికత్వం దెబ్బతింటుందని ఆ కేసులో కోర్టుకెక్కినవాళ్ల ఆందోళనను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. చెప్పేవాళ్లు అదుపు తప్పితే పాఠం ప్రచారమైపోతుంది.

ఇంగ్లండ్‌లో 1944 చట్టం నుంచీ ప్రభుత్వ నిధులతో నడిచే బళ్లలో మత విద్య తప్పనిసరి. వద్దనుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసుకు పంపకుండా ఉండవచ్చు. అక్కడ మన టెన్త్ లాంటి జీసీఎస్ఈ పరీక్షలో ఆ సబ్జెక్టు తీసుకున్నవాళ్లు రెండు మతాల గురించి చదవాలి.

మనకు కొత్త సబ్జెక్టు, ఇంకో పరీక్ష అక్కర్లేదు. ఉన్న పాఠాలే చాలు. సోషల్ పుస్తకంలో బుద్ధుడు ఉన్నాడు, పిల్లలు అష్టాంగ మార్గంలోని ఎనిమిది పేర్లూ వరసగా అప్పజెబుతారు. కోరిక వల్లే దుఃఖం వస్తుందంటే మరి ర్యాంకు రావాలని కోరుకోవడం తప్పా అని ఎవరూ అడగరు. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మనది, ఈ ప్రశ్న ఇక్కడే అడగకపోతే ఎలా? కఠోపనిషత్తులో చావు తర్వాత ఏముంటుందని యముణ్నే నిలదీసిన నచికేతుడు కూడా కుర్రవాడే.

మన పిల్లలు ‘మా దేవుడు’, ‘మీ దేవుడు’ అనే మాటలు ఇంటర్వెల్లో అనుకుంటూనే ఉన్నారు. ఫోన్లో రీల్స్ వాళ్లకు వేరే మతాల గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాయి. టీచరు ఒక్కరే మౌనంగా ఉన్నారు.

ముందు టీచర్లకు ధైర్యం కావాలి. ఏది బోధన, ఏది చదువు అని విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. తన నమ్మకాన్ని పక్కనపెట్టి క్లాసులో చర్చ నడపడం ఎలాగో శిక్షణలో చేయించి చూపాలి. అప్పుడు ఆ పిల్లవాడు లేచి అడిగితే, కూర్చోమనకుండా ఇలా అనొచ్చు: ‘వేమన పూజే వద్దన్నాడా, చిత్తశుద్ధి లేని పూజ వద్దన్నాడా? పద్యం ఇంకోసారి చదివి నువ్వే చెప్పు.’