బార్క్లే డి టోలీ పిరికివాడు కాదు

1812లో నెపోలియన్‌కి ఎదురు నిలిచిన రష్యా సేనాని బార్క్లే డి టోలీని ఎవరైనా పిరికివాడు అంటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న నెపోలియన్ రష్యా దండయాత్ర మీద ఒక వీడియో చూశాను. అంత పెద్ద వీడియోలో ఆయన గురించి ఉన్నది ఒకే ఒక్క మాట. యుద్ధం చెయ్యకుండా వెనక్కి పరిగెత్తిన విదేశీ జనరల్‌ని తీసేసి కుతుజోవ్‌ని పెట్టాక కథ మారిందట! కింద కామెంట్లన్నీ కుతుజోవ్‌కి జేజేలే. అక్కడే జవాబు రాద్దామని మొదలుపెట్టాను, రెండు పేరాలు దాటాక ఇది కామెంట్‌లో పట్టే విషయం కాదని అర్థమై ఇక్కడికి వచ్చాను.

కుతుజోవ్ మీద నాకు కోపం లేదు, ముందే చెబుతున్నాను. ఇంటర్ చదివే రోజుల్లో మాస్కోలో అచ్చయి వచ్చిన తెలుగు పుస్తకాలు చదివి ఆయనంటే ప్రాణం పెట్టేవాణ్ణి. ఒంటికన్ను ముసలి సేనాని, ఓపికగా కూర్చుని నెపోలియన్ అంతటివాణ్ణి గెలిచాడు, ఇంతే నాకు తెలిసింది. ఆయన చేతికి ఆ సైన్యం ఎలా వచ్చిందీ, అప్పటిదాకా దాన్ని బతికించి తెచ్చింది ఎవరూ అన్న ప్రశ్న నాకు చాలా ఏళ్లు తట్టలేదు. తట్టాక మాత్రం వదల్లేదు.

ముందు లెక్క చూడండి. 1812 జూన్ 24న నెపోలియన్ నేమన్ నది దాటాడు. మొదటి విడతలోనే 4 లక్షలకు పైగా సైన్యం. ఎదురుగా బార్క్లే చేతిలో ఉన్న మొదటి పశ్చిమ సైన్యం సుమారు 1,20,000. బగ్రాతియోన్ నడుపుతున్న రెండో సైన్యం 50,000కు కాస్త అటూ ఇటూ, అదీ ఎక్కడో దక్షిణాన. ఈ రెండు సైన్యాల మధ్యలోకి దూరి, ఒక్కోదాన్ని విడివిడిగా నలిపెయ్యాలన్నది నెపోలియన్ ఎత్తు. ఆస్టర్‌లిట్జ్‌లో, ఫ్రీడ్‌లాండ్‌లో గెలిచినట్టు ఒక్క పెద్ద యుద్ధంలో తేల్చేద్దామని ఆయన తపన. ఆ యుద్ధం ఆయనకి ఇవ్వకపోవడమే రష్యాకి మిగిలిన దారి. బార్క్లే అది ఇవ్వలేదు. ఆయన చేసిన నేరమంతా ఇదే.

ఇది భయంతో అప్పటికప్పుడు తోచిన ఆలోచన కూడా కాదు. 1810 జనవరిలో యుద్ధ మంత్రి అయ్యాడు. ఆ మార్చిలోనే పశ్చిమ సరిహద్దుల రక్షణ గురించి జార్ అలెగ్జాండర్‌కి ఒక నివేదిక రాసిచ్చాడు. శత్రువుని లోపలికి రానిచ్చి, తిండీ సరఫరా అందనంత దూరం లాగి, అలిసిపోయాక కొట్టాలన్నది అందులోని సారం. మాస్కో దాకా వెనక్కి వెళ్లాలని ఆయన అనుకోలేదు, ద్వినా, ద్నేపర్ నదుల దగ్గర నిలబడాలనుకున్నాడు. కానీ దూరాన్నీ ఆకలినీ ఆయుధాలుగా వాడాలన్న ఆలోచన కాగితం మీద రెండేళ్ల ముందే ఉంది. ఆ రెండేళ్లూ సైన్యాన్ని కోర్ల కింద, అంటే విడిగా పోరాడగల పెద్ద దళాల కింద విభజించాడు, బోబ్రుయిస్క్, దినబుర్గ్ కోటలు కట్టించాడు, విదేశాల్లోని రష్యన్ రాయబార కార్యాలయాల్లో సైనిక గూఢచారుల్ని పెట్టించాడు. పారిస్‌లో ఉన్న చెర్నిషేవ్ అయితే ఫ్రెంచ్ యుద్ధ మంత్రిత్వ శాఖలోని ఒక గుమాస్తాకి డబ్బిచ్చి నెపోలియన్ సైన్యం లెక్కలే తెప్పించాడు. యుద్ధ సమయంలో సైన్యాన్ని ఎవరు ఎలా నడపాలో చెప్పే నియమావళిని 1812 మొదట్లో తెచ్చాడు. పసుపు అట్ట ఉండేదని దాన్ని పసుపు పుస్తకం అనేవాళ్లు. కుతుజోవ్ వచ్చి కూర్చున్న కుర్చీ ఈయన చేయించిందే.

అసలు ఎవరీయన? పూర్వీకులు స్కాట్లాండ్ నుంచి వచ్చి బాల్టిక్ తీరంలో స్థిరపడ్డారు. తాత రీగా నగరానికి మేయర్. ఇంట్లో భాష జర్మన్, మతం లూథరన్. వెనకాల జమీందారీ లేదు, దర్బారులో చెయ్యి పట్టుకుని పైకి లాగేవాళ్లు లేరు. 1776లో సైన్యంలో చేరితే మేజర్ జనరల్ కావడానికి 23 ఏళ్లు పట్టింది. ఒచాకొవ్‌లో తుర్కుల మీద, ఫిన్లాండ్‌లో స్వీడన్ మీద, తర్వాత పోలండ్‌లో పోరాడాడు. 1807లో ఎయ్‌లౌ దగ్గర నెపోలియన్ సైన్యంతో జరిగిన యుద్ధంలో చెయ్యి ఎముక నుజ్జయింది, నెలల తరబడి మంచాన పడ్డాడు.

1809 మార్చిలో చేసిన పని ఒక్కటి చాలు, ఈయన గుండె ఎలాంటిదో తెలియడానికి. స్వీడన్ మీద యుద్ధం నడుస్తోంది. ఫిన్లాండ్‌కీ స్వీడన్‌కీ మధ్య క్వార్కెన్ జలసంధి గడ్డకట్టి ఉంది. సుమారు 3,000 మందిని వెంటబెట్టుకుని ఆ మంచు మీద నడిచి అవతలి ఒడ్డుకి చేరాడు. దాదాపు 100 కిలోమీటర్లు. బాట లేదు, తలదాచుకునే గూడు లేదు, తుపానులకి పగిలి మళ్లీ గడ్డకట్టిన మంచు దిబ్బలు. గాలి తిరిగితే కాళ్ల కింద సముద్రం తెరుచుకుంటుంది. దాటి వెళ్లి ఉమెయో పట్టణం పట్టుకున్నాడు. ఆ మనిషిని పిరికివాడు అంటారా?

ఆ విజయంతో తనకన్నా సీనియర్లైన పదుల మందిని దాటి పూర్తి జనరల్ అయ్యాడు. వాళ్లు మాత్రం ఆయన్ని ఎప్పటికీ క్షమించలేదు. 1812లో ఆయన మీద పడ్డ ఏడుపులో సగం అక్కడ మొదలైందని నా నమ్మకం.

మిగతా సగం ఆయన పేరు. బార్క్లే డి టోలీ అన్న పేరుని సైన్యంలో వెటకారంగా విరిచి, వాగుడే తప్ప ఇంకేం లేదు అనే అర్థం వచ్చేలా రష్యన్‌లో పలికేవాళ్లు. నిజానికి ఆయన నోట మాట రావడమే కష్టం. మితభాషి, ముక్కుసూటి, నవ్వడు. తాతల కాలం నుంచి అదే రాజ్యంలో ఉండి, ఒళ్లంతా గాయాలు చేసుకున్నవాణ్ణి జర్మన్ వాడు, పరాయివాడు అన్నారు. బగ్రాతియోన్ మహావీరుడు, నాకెంతో గౌరవం, కానీ ఆయన రాసిన ఉత్తరాలు చదివితే బాధేస్తుంది. మంత్రిగారు (అంటే బార్క్లే) అతిథిని (అంటే నెపోలియన్‌ని) నేరుగా మాస్కోకి తీసుకొస్తున్నారని రాశాడు. తను జార్జియా రాజవంశం వాడు! పుట్టుకతో రష్యన్ కాని ఇద్దరిలో ఒకరికి రష్యన్ గుండె ఉందన్నారు, రెండోవాడు ద్రోహి అన్నారు. తేడా ఎక్కడుంది? ఒకాయన దాడి చేద్దాం అన్నాడు, రెండో ఆయన ఆగుదాం అన్నాడు. అంతే.

వితెబ్స్క్ దగ్గర జరిగింది చూడండి. జూలై చివర్లో అక్కడ ఆగి యుద్ధం చెయ్యడానికి బార్క్లే సిద్ధపడ్డాడు. బగ్రాతియోన్ వచ్చి కలుస్తాడని ఆశ. ఆ దారి ఫ్రెంచ్ వాళ్లు మూసేశారని కబురొచ్చింది. ఒంటరిగా నిలబడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ రాత్రి శిబిరంలో మంటలు మండుతూనే ఉన్నాయి, సైన్యం మాత్రం చప్పుడు లేకుండా కదిలిపోయింది. తెల్లారి ఇక యుద్ధమే అనుకుని వచ్చిన నెపోలియన్‌కి ఖాళీ మైదానం కనపడింది. ఎదురుగా నెపోలియన్ ఉండగా అంత సైన్యాన్ని గందరగోళం లేకుండా వెనక్కి తీసుకెళ్లడం ఎంత కష్టమో ఆలోచించండి. సైన్యాన్ని అప్పగించి వెళ్లేటప్పుడు జార్ ఆయనతో, నాకు ఇంకో సైన్యం లేదు, గుర్తుంచుకో అన్నాడని చెబుతారు. ఆయన ఆ మాట గుర్తుంచుకున్నాడు. మిగతావాళ్లంతా మర్చిపోయారు.

ఆగస్టు మొదట్లో స్మోలెన్స్క్ దగ్గర రెండు సైన్యాలూ కలిశాయి. జనం అమ్మయ్య అనుకున్నారు, ఇక యుద్ధమే అన్నారు. ఇక్కడ బార్క్లే తప్పు ఉంది, దాచను. రూద్న్యా వైపు దాడికి బయల్దేరి, మధ్యలో అనుమానపడి, దిశ మార్చి, మళ్లీ మార్చి సైనికుల్ని ఊరికే తిప్పాడు. ఆ నాలుగు రోజులూ ఆయన జీవితంలో చెడ్డ రోజులు. అంతకన్నా పెద్ద తప్పు, ఎందుకు వెనక్కి వెళ్తున్నామో సైనికుడికి వాడి భాషలో చెప్పలేకపోవడం. మంటల్లో కాలుతున్న స్మోలెన్స్క్‌ని వదిలి, అక్కడి దేవమాత పటాన్ని మోసుకుంటూ సైన్యం కదిలిన రోజున ఒక్క మాట చెప్పాల్సింది. ఆయనకి చేతకాలేదు. జార్ తమ్ముడు కాన్‌స్టంటీన్ సైతం అందరి ముందూ ఆయన్ని తిట్టాడు. బార్క్లే మాట తూలలేదు, కాగితాలు చేతికిచ్చి ఆయన్ని పీటర్స్‌బర్గ్ పంపేశాడు. సాక్షాత్తూ చక్రవర్తి తమ్ముణ్ణి శిబిరం దాటించడానికి ఎంత గుండె కావాలి!

ఆగస్టు 29న త్సర్యొవో జైమిష్చె దగ్గర కుతుజోవ్ వచ్చి సైన్యం తీసుకున్నాడు. యుద్ధానికి బార్క్లే చోటు ఎంచుకున్నది అక్కడే. కుతుజోవ్ వచ్చాడు, చూశాడు, మరి ఏం చేశాడు? ఇంకా వెనక్కి నడిపించాడు. అదే వెనకడుగు. మొన్నటిదాకా ద్రోహం అన్న పనే ఒక్క రోజులో వివేకం అయిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్లు ఊరికే అన్నారా? వీడియో తీసినాయన ఈ ఒక్క విషయం చూసుకుని ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

మాస్కోకి ముందు పెద్ద యుద్ధం జరిగిన బోరొదినో దగ్గరికి వచ్చేసరికి నెపోలియన్ చేతిలో ఉన్నది సుమారు 1,30,000. రష్యన్లు కూడా దాదాపు అంతే. జూన్‌లో ఆ మహాసముద్రం ఎక్కడ, సెప్టెంబర్‌లో ఈ లెక్క ఎక్కడ? కొందరు వెనక ఊళ్లకి కాపలాగా ఉండిపోయారు, కొందరు పక్కదారుల్లో ఉన్నారు, చాలామంది ఆకలికీ రోగాలకీ ఎండకీ పోయారు. గుర్రాలైతే వేలకొద్దీ చచ్చాయి. ఆ పని చేసింది బార్క్లే నడిపించిన ఆ రెండు నెలల దూరమే.

సెప్టెంబర్ 7, బోరొదినో యుద్ధం. ఈ రోజు గురించి రాయాలంటే నాకు గొంతు పట్టేస్తుంది. బార్క్లే పూర్తి దర్బారు దుస్తుల్లో, పతకాలన్నీ పెట్టుకుని, తల మీద ఈకల టోపీతో వచ్చాడు. ఫిరంగులకి గురి కుదరాలంటే అంతకన్నా మంచి గుర్తు ఉండదు. చావాలనే వచ్చాడని చుట్టూ ఉన్నవాళ్లకి అర్థమైంది. రయేవ్‌స్కీ ఫిరంగి దిబ్బ దగ్గర యుద్ధం ఎక్కడ ముదిరితే అక్కడ కనపడ్డాడు. ఎక్కిన గుర్రాలు ఒకదాని తర్వాత ఒకటి కూలాయి. వెంట ఉన్న అధికారుల్లో చాలామంది చచ్చిపోవడమో గాయపడటమో జరిగింది. ఆయన మీద గీత పడలేదు. మొన్నటిదాకా ఆయన వస్తే మౌనంగా నిలబడ్డ సైనికులే ఆ రోజు ఉర్రా అని అరిచారు. కాలికి గాయమై పడిపోయిన బగ్రాతియోన్, సైన్యం బతుకు ఇప్పుడు మీ చేతుల్లో ఉంది అని బార్క్లేకి కబురు పంపాడంటారు. ఇద్దరి మధ్య గోడ కూలిపోయేసరికి ఒకరికి ఆయువు తీరింది, ఆ నెలాఖరు లోపే బగ్రాతియోన్ పోయాడు. చావాలన్న నా కోరిక తీరలేదని యుద్ధం తర్వాత జార్‌కి రాశాడు బార్క్లే. చక్రవర్తికి పంపే ఉత్తరంలో ఇలా రాయడానికి ఆ మనిషి ఎంత నలిగిపోయి ఉండాలి!

ఆరు రోజులకి ఫిలీ గ్రామంలో ఒక రైతు గుడిసెలో జనరల్స్ కూర్చున్నారు. మాస్కో కోసం యుద్ధం చెయ్యాలా వదిలెయ్యాలా? జ్వరంతో ఉన్న బార్క్లే, వదిలెయ్యాలని ముందుగా గట్టిగా చెప్పాడు. సైన్యం మిగిలితే యుద్ధం మిగులుతుంది, సైన్యం పోతే మాస్కో ఉండీ లాభం లేదని ఆయన వాదన. కుతుజోవ్ చివర్లో తీసుకున్న నిర్ణయం అదే, దానికి పేరు మాత్రం కుతుజోవ్‌ది. మరునాడు సైన్యం మాస్కో వీధుల గుండా తొక్కిసలాట లేకుండా, సైనికులు చెదిరిపోకుండా దాటేలా గంటల తరబడి గుర్రం దిగకుండా చూసుకున్నది ఎవరో తెలుసా? ఈ పరిగెత్తిన జనరలే.

తర్వాత అనారోగ్యంతో, అవమానంతో సైన్యాన్ని వదిలి వెళ్లిపోయాడు. దారిలో కలూగాలో జనం గుర్తుపట్టి, ద్రోహి అని అరుస్తూ ఆయన బండి మీద రాళ్లేశారు. బండిని కొండ మీదికి నేను లాక్కొచ్చాను, ఇక కాస్త తోస్తే చాలు, దానంతట అదే దిగుతుంది అని ఆయన అన్నట్టు దగ్గరివాళ్లు రాసుకున్నారు. ఆయన వెళ్లిన రెండు మూడు వారాలకే నెపోలియన్ మాస్కో వదిలి వెనక్కి తిరిగాడు.

వీడియోలో కథ అక్కడ ఆగిపోయింది, జీవితం ఆగలేదు. 1813లో తిరిగి వచ్చాడు. కుతుజోవ్ ఆ ఏప్రిల్‌లో పోయాడు. బాట్‌జెన్ దగ్గర నెపోలియన్ చేతిలో ఓడిపోయాక రష్యా, ప్రష్యా సైన్యాల నాయకత్వం బార్క్లేకే ఇచ్చారు. ఆగస్టులో కుల్మ్ దగ్గర గెలిచి ఫ్రెంచ్ జనరల్ వాందామ్‌ని పట్టుకున్నారు, దాంతో సెయింట్ జార్జ్ పతకం మొదటి తరగతి వచ్చింది. ఆ పతకం నాలుగు తరగతులూ పొందినవాళ్లు రష్యా చరిత్ర మొత్తంలో నలుగురే, అందులో కుతుజోవ్ ఒకడు, బార్క్లే ఒకడు. నెపోలియన్ ఓడిపోయిన లైప్‌జిగ్ యుద్ధం తర్వాత కౌంట్ బిరుదు. 1814 మార్చిలో పారిస్ లొంగాక ఫీల్డ్ మార్షల్. నేమన్ నది నుంచి మాస్కో దాకా, మళ్లీ అటునుంచి పారిస్ దాకా నడిచింది ఈయన.

1818లో చికిత్స కోసం ప్రయాణిస్తూ ప్రష్యాలో ఇన్‌స్టర్‌బర్గ్ దగ్గర చనిపోయాడు. అప్పటికైనా నిందలు ఆగాయా? 1835లో రష్యన్ మహాకవి పుష్కిన్ ఆయన మీద ఒక కవిత రాస్తే, కుతుజోవ్ గౌరవం తగ్గించావని కుతుజోవ్ బంధువు ఒకాయన విరుచుకుపడ్డాడు. పుష్కిన్ అంతటివాడు తన పత్రికలో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఒకరిని మెచ్చుకుంటే ఇంకొకరిని తిట్టినట్టే అనుకునే ఈ జబ్బు ఈ రోజు కామెంట్లలో కూడా చూస్తున్నాను.

పీటర్స్‌బర్గ్‌లో కజాన్ కథీడ్రల్ ముందు 1837 నుంచి రెండు విగ్రహాలు నిలబడి ఉన్నాయి. ఒక పక్క కుతుజోవ్, ఇంకో పక్క బార్క్లే. రెండూ ఒకే శిల్పి ఓర్లోవ్‌స్కీ చేసినవే. కుతుజోవ్ సమాధి ఆ కథీడ్రల్ లోపలే ఉంది. బార్క్లే సమాధి ఎక్కడో దూరంగా, ఎస్తోనియాలోని యొగెవెస్తె అనే చిన్న ఊళ్లో ఉంది, భార్య కట్టించింది. ఆ వీడియో చేసినాయన ఇది చదివితే ఆయనకి నాదొక్కటే విన్నపం. ఆ ఒక్క వాక్యం మార్చండి. మీకు కావాల్సిన తేదీలన్నీ నేనిస్తాను.