డ్రాగన్ బాల్స్ గార్లకి, వెజిటా ఫైలు విషయమై ఒక బహిరంగ అర్జీ

శ్రీయుత డ్రాగన్ బాల్స్ గార్లకి (భూమి బ్రాంచి, నమెక్ గ్రహం బ్రాంచి రెండిటికీ కలిపి),

నమస్కారాలండీ. ఏడుగుర్నీ ఒకచోట పోగేస్తే డ్రాగన్ దిగొచ్చి కోరిక తీర్చే ఆఫీసు కదా మీది, నేరుగా అక్కడికే వద్దామనుకున్నా గానీ భూమి బ్రాంచిలో పని అవ్వగానే ఏడుగురూ తలో దిక్కు ఎగిరిపోయి ఏడాది పాటు మామూలు రాళ్ళలా పడుంటారట, ఇంత లాంగ్ లీవ్ మా దగ్గర ఏ గవర్నమెంట్ ఆఫీసులోనూ శాంక్షన్ అవ్వదు, అందుకే ఇలా ఓపెన్ లెటర్ రాయాల్సొచ్చింది. నాలుగు చుక్కల బాల్ గారికి విడిగా ఇంకో నమస్కారం, మీ కథలో హీరో గోకు తన తాతగారి గుర్తుగా చూసుకున్నది మిమ్మల్నే కాబట్టి మీరైనా కాస్త మనసు పెట్టి చదువుతారని ఆశ.

ముందు మీ సర్వీసు రికార్డు ఒకసారి గుర్తు చేస్తా, ఏమనుకోకండి. 1984లో అకిరా టోరియామా గారు షోనెన్ జంప్‌లో మీ కథ మొదలుపెట్టినప్పుడు మీది చాలా చిన్న ఆఫీసు. ప్రపంచాన్ని ఏలేద్దామని పిలాఫ్ అనే వాడు మిమ్మల్ని పోగేసి నోరు తెరిచేలోపు ఊలాంగ్ అనే పంది అడ్డం దూరి ఆడవాళ్ళ లోదుస్తులు కావాలని అరిచింది, మీరు కూడా మారు మాట్లాడకుండా ఇచ్చేశారు. ఆకాశం అంతా నల్లగా చేసి అంత పెద్ద డ్రాగన్ దిగొచ్చి ఇచ్చింది అది! అలాంటి ఆఫీసు కొన్నేళ్ళకే చావు బతుకుల డిపార్ట్‌మెంట్ అయిపోయింది, ఆ తర్వాత ఎవరు మంచోళ్ళో ఎవరు చెడ్డోళ్ళో తేల్చే ట్రిబ్యునల్ కూడా మీరే అయ్యారు. ఈ మూడో చార్జి మీకెవరు ఇచ్చారు అన్నదే నా ప్రశ్న.

ఇక ఫైలు తెరుద్దాం. పేరు వెజిటా, హోదా సైయన్లనే యోధుల జాతికి యువరాజు. కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ జీ టైమ్‌కి హోంవర్క్ పక్కన పడేసిన మా బ్యాచ్ అందరికీ గోకు కన్నా ఈయనంటేనే ఇష్టం, నాక్కూడా. అది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కింద ఎవడో వచ్చి హేటర్ అంటాడు.

ఈయన భూమ్మీదకి వచ్చిందే మీకోసం, మిమ్మల్ని పట్టుకుని చావు లేకుండా వరం కోరుకుందామని. వెంట వచ్చిన నప్పా దిగీదిగగానే రెండు వేళ్ళు పైకి లేపాడు, అంతే, ఈస్ట్ సిటీ మొత్తం పోయింది. వెజిటా వాడిని తిట్టాడు, నిజంగానే తిట్టాడు, ఎందుకంటే ఆ పేలుడులో మీలో ఒకరికి ఏమన్నా అయ్యుంటే వచ్చిన పని చెడుతుంది కదా అని. జనం సంగతి తిట్లలో కూడా రాలేదు. తర్వాత అదే నప్పా ఓడిపోయి లేవలేకపోతే వాడిని కూడా తనే లేపేశాడు, పనికిరాని వాడు అక్కర్లేదని. ఆఖరికి యుద్ధంలో ఓడి నేల మీద పాక్కుంటూ స్పేస్ పాడ్ దగ్గరికి పోతుంటే గోకు ఫ్రెండ్ క్రిలిన్ కత్తి ఎత్తాడు, అక్కడితో కథ అయిపోవాలి. అప్పుడు ఒళ్ళంతా విరిగి పడున్న గోకు, వద్దు వదిలెయ్ అన్నాడు. జాలిపడి అనుకునేరు! ఇంత గొప్ప ఫైటర్‌తో మళ్ళీ ఒకసారి కొట్లాడాలనుంది, నా స్వార్థమే అనుకో అని వాడే ఒప్పుకున్నాడు. అంటే బాస్, యానిమేషన్‌లో జనం ఇప్పటికీ ఉదాహరణగా చెప్పుకునే ఈ రిడెంప్షన్‌కి పునాదిరాయి రీమ్యాచ్ మీద మోజు.

నెక్స్ట్ నమెక్. ఇక్కడే అసలు పాయింట్ ఉంది, కాస్త నెమ్మదిగా చదవండి. గ్రహాలు ఆక్రమించే ఫ్రీజా అనే వాడి దగ్గర ఉద్యోగం వదిలేసి సొంతంగా మీ వేట మొదలుపెట్టిన వెజిటా ట్సునో అనే పెద్దాయన ఉండే ఊరికి వెళ్ళి, బాల్ ఇవ్వనన్నారని ఊరంతటినీ చంపేసి, బాల్ తీసుకెళ్ళి నీళ్ళలో దాచాడు. తర్వాత ఫ్రీజా చేతిలో తనే చచ్చాడు, చచ్చేముందు ఏడ్చాడు, నన్ను ఇలా తయారుచేసింది ఫ్రీజానే, మన జాతిని చంపింది కూడా వాడే అని గోకుకి చెప్పుకున్నాడు. ఆ సీన్‌లో నేను కూడా ఏడ్చా, అబద్ధం ఎందుకు. గోకు వాడిని పూడ్చిపెట్టాడు.

అప్పుడు భూమి బ్రాంచిలో, భూమి దేవుడి దగ్గర పనిచేసే మిస్టర్ పోపో గారు మీ ముందు నిలబడి ఒక కోరిక చదివారు, ఫ్రీజా, వాడి మనుషులు చంపిన వాళ్ళందర్నీ బతికించమని. మీరు సరేనని సంతకం పెట్టేశారు. ఇప్పుడు అర్హుల జాబితా చూడండి సార్. వెజిటాని చంపింది ఫ్రీజా, కాబట్టి వెజిటా బాధితుడు, అర్హుడు, మట్టిలోంచి లేచొచ్చేశాడు. మరి వెజిటా చంపిన ట్సునో ఊరి వాళ్ళు? వాళ్ళని చంపినప్పటికి వెజిటా ఫ్రీజా మనిషి కాదు, రిజైన్ చేసేశాడు. మరి ఆ పిల్లలూ పెద్దలూ ఏ కాలమ్‌లోకి వస్తారు? హంతకుడికి పథకం శాంక్షన్ అయ్యి హతుల అప్లికేషన్ ‘వర్తించదు’ అని వెనక్కొచ్చే స్కీమ్ నేను మా మండలాఫీసులో కూడా చూడలేదు, అది కూడా ఎవరి కుట్రా కాదు, కోరిక రాసినోడు ఒక్క ముక్క ఎక్కువ రాయలేదంతే.

ఆ వెంటనే నమెక్ వాళ్ళంతా భూమ్మీద తేలారు, వాళ్ళతో పాటే వెజిటా. బుల్మా (తర్వాత వెజిటా భార్య అయ్యేది ఈవిడే) ముందు నమెకియన్లని మా ఇంట్లో ఉండండి అని పిలిచింది, తర్వాత వెజిటా వైపు తిరిగి నువ్వు కూడా రారాదూ, భోజనం బాగుంటుంది అంది. ఒకే కాంపౌండ్! తమ గ్రహం మీద ఒక ఊరిని ఊడ్చేసిన వాడితో ఆ నమెకియన్లు ఒకే గేటు లోపల ఉన్నారు, మళ్ళీ వాళ్ళ బాల్స్ పనిచేసేదాకా, అంటే 130 రోజులు. పొద్దున్నే నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు (నమెకియన్లు నీళ్ళే కదా తాగేది) ఎదురుపడితే ఏమనుకునేవాళ్ళు? గుడ్ మార్నింగ్ చెప్పుకునేవాళ్ళా? అసలు చూపించాల్సిన ఎపిసోడ్ అది, దాన్ని ఎవ్వరూ తీయలేదు. 291 ఎపిసోడ్లు తీశారు, అందులో గాల్లో నిలబడి అరుస్తూ పవర్ పెంచుకోవడానికి ఎన్ని పోయాయో మీకూ తెలుసు నాకూ తెలుసు.

సెల్ అనే రాక్షసుడి సంగతి తొందరగా కానిచ్చేస్తా. ఊళ్ళకి ఊళ్ళు జనాన్ని పీల్చేసిన సెల్‌ని చంపే ఛాన్స్ చేతికొస్తే, నువ్వు పూర్తిగా తయారవ్వు, అప్పుడు కొట్లాడదాం అని వదిలాడు, అడ్డొచ్చిన కన్నకొడుకునే (భవిష్యత్తు నుంచి పెద్దవాడై వచ్చిన ట్రంక్స్) కొట్టాడు. అంతకుముందు బుల్మా, చంటి ట్రంక్స్ ఉన్న విమానం కూలిపోతుంటే పట్టించుకోను కూడా లేదు. ఇంత జరిగినా మాలో ఒక్కడు కూడా ఫ్యాండమ్ మారలేదు. ఛాతీ మీద చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడే వాడికి ఏ తప్పూ అంటదు, అదేదో కెమెరా రూలు.

పాపం యమ్చా గురించి ఒక ముక్క. మొదట్లో ఎడారిలో దారిదోపిడీలు చేశాడు గానీ ఏ ఊరినీ లేపెయ్యలేదు, భూమిని కాపాడ్డానికి వెళ్ళి సైబామన్ చేతిలో చచ్చి మీమ్ అయ్యాడు, గర్ల్‌ఫ్రెండ్ బుల్మా వెళ్ళి వెజిటాని చేసుకుంది. వాడికి రిడెంప్షన్ ఆర్క్ లేదు, ఎందుకంటే వాడు చేసిన పాపం ఆర్క్‌కి సరిపోదు. మినిమమ్ బ్యాలెన్స్ లేదు.

సరే, ఇప్పుడు బూ అనే ఇంకో రాక్షసుడు. టోర్నమెంట్ రోజు. బూని లేపాలని చూస్తున్న మంత్రగాడు బాబిడి మంత్రానికి వెజిటా కావాలనే లొంగాడు, పెళ్ళాం బిడ్డలతో మెత్తబడిపోయాను, పాత నేను కావాలి అని. నుదుటి మీద ఎం అక్షరం పడింది. గోకుని ఫైట్‌కి ఒప్పించడానికి స్టాండ్స్‌లో టికెట్ కొనుక్కుని కూర్చున్న జనం మీదకి ఒక బ్లాస్ట్ వదిలాడు. ఏళ్ళ తరబడి మారాడు మారాడు అని మేం చెప్పుకున్నదంతా ఒక్క దెబ్బకి పోయింది, కానీ ఆ కథలో నాకు బాగా నచ్చే భాగం సరిగ్గా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

బూ బయటికొచ్చాక, ఇది తన వల్లే అని తెలిశాక, వెజిటా ట్రంక్స్‌ని దగ్గరికి తీసుకున్నాడు. పుట్టినప్పటి నుంచి నిన్ను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు కదా అన్నాడు. పిల్లాడికి సిగ్గు, ఏంటి డాడ్ అని మెలికలు తిరిగిపోయాడు. మెడ మీద ఒక్కటిచ్చి స్పృహ తప్పించాడు, గోకు కొడుకు గోటెన్‌ని కూడా పడగొట్టాడు, ఇద్దర్నీ దూరంగా తీసుకుపొమ్మని పికోలోకి అప్పజెప్పాడు. అప్పుడు అడిగాడు, చచ్చాక పై లోకంలో గోకుని, వాడి మాటల్లో కాకరాట్‌ని కలుస్తానా అని. పికోలో మొహమాటపడలేదు. నువ్వు అమాయకుల్ని చాలామందిని చంపావు, వాడు వెళ్ళిన చోటుకి నువ్వు వెళ్ళవు, నీకు శరీరం ఉండదు, నీ ఆత్మని కడిగేసి జ్ఞాపకాలన్నీ తీసేసి ఇంకో జన్మకి పంపేస్తారు అని చెప్పేశాడు. వెజిటా అలాగా అని ఊరుకుని వెళ్ళి పేలిపోయాడు.

చూశారా, ఏమీ రాదని తెలిశాకే చేశాడు. అజామిళుడు కనీసం చివర్లో కొడుకుని పిలిచే వంకనైనా నారాయణా అన్నాడు, విష్ణుదూతలు పరిగెత్తుకొచ్చారు. వీడు ఎవర్నీ పిలవలేదు. పైగా ఆ చావు పనికి కూడా రాలేదు, బూ ముక్కలన్నీ మళ్ళీ అతుక్కుని లేచి కూర్చున్నాడు. క్షమాపణ లేదు, గెలుపు లేదు, స్వర్గం లేదు, అయినా ఆ పని చేసిన వాడు ఒకడున్నాడు. టోరియామా గారు అక్కడ ఫైలు మూసేసి ఉంటే నేను ఈ లెటర్ రాసేవాణ్ణే కాదు.

కానీ మీరున్నారుగా.

ముందు కింగ్ యెమ్మా గారు. మన యముడే, బౌద్ధంతో చైనా మీదుగా జపాన్ వెళ్ళి సూటు టై కట్టుకుని టేబుల్ ముందు కూర్చున్నాడు. ఆయనే, అవసరం పడొచ్చని వెజిటా శరీరం ఉంచి కిందకి పంపించాడు. సరే, ఎమర్జెన్సీ డెప్యుటేషన్ అనుకుందాం. తర్వాత నమెక్ బ్రాంచి డ్రాగన్ పొరుంగా గారి ముందు కోరిక పెట్టారు, టోర్నమెంట్ రోజు నుంచి చచ్చిన వాళ్ళందర్నీ, మరీ దుర్మార్గుల్ని తప్ప, బతికించమని. ఈ షరతు డ్రాఫ్ట్ చేసింది ఎవరనుకుంటున్నారు? వెజిటానే! నిందితుడే జీవో రాశాడు, నమెక్ వాళ్ళు చదివారు, పొరుంగా గారు ఊ అన్నారు, చచ్చినోళ్ళకి ఉండే చక్రం వెజిటా నెత్తి మీద నుంచి మాయమైంది. గోకు చూసి సంబరపడ్డాడు, నిన్ను చెడ్డోళ్ళ లిస్టులో వేయలేదు అని. స్టాండ్స్‌లో పోయిన జనమూ లేచారు, వాళ్ళని చంపిన వాడూ లేచాడు, ఒకే జీవోలో, ఒకే నిమిషంలో. మా దగ్గర కండువా మార్చిన నాయకుడి మీద కేసులు చల్లబడ్డానికి కూడా ఇంకాస్త టైమ్ పడుతుందండీ, నాలుగు వాయిదాలన్నా పడతాయి.

పొరుంగా గారూ, ఆ క్షణంలో మీరు దేన్ని చూసి డిసైడ్ చేశారు? బాధితుల్ని అడిగారా? విచారణ జరిగిందా? ఏ సెక్షన్ కింద? పికోలో చెప్పిన లెక్క తప్పైతే ఎక్కడ తప్పో రాతపూర్వకంగా చెప్పాలి కదా. నాకైతే ఒకటే అనిపిస్తుంది, మీకు కావాల్సింది ఆ ఫైట్ పూర్తవ్వడం, వాడు లేకపోతే అవ్వదు, కాబట్టి వాడు మంచోడు.

భూమ్మీద జనం మాత్రం మీకన్నా నయం. వాళ్ళంతా లేచాక వెజిటా ఆకాశం నుంచి, బూని చంపడానికి చేతులు పైకెత్తి మీ శక్తి ఇవ్వండి అని అడిగితే తెలిసినోళ్ళు తప్ప ఎవ్వరూ కదల్లేదు. నువ్వెవడివి, నీ గొంతేంటి అలా ఉంది అన్నట్టు నిలబడ్డారు. ఆఖరికి మిస్టర్ సేటన్ లాంటి పచ్చి అబద్ధాలకోరు అరిస్తే చేతులెత్తారు. నాకు ఆ సీన్ భలే ఇష్టం, నమ్మకం అనేది డ్రాగన్ శాంక్షన్ చేసే ఐటమ్ కాదని వాళ్ళకి తెలుసు, ఎవరూ చెప్పకుండానే.

దానికి మీ ఆఫీసు చేసింది ఇంకా ఘోరం. మంచి బూ మిగిలాడు కదా, వాడు జనం మధ్య తిరగాలంటే జనం భయపడతారు కదా, అందుకని భూమి బ్రాంచిలో ఇంకో కోరిక: బూ అనే వాడిని జనం మర్చిపోవాలి. మీరు చేసేశారు! పాపం చేసిన వాడు మారక్కర్లేదు, క్షమాపణ అడగక్కర్లేదు, చచ్చి బతికిన వాళ్ళ బుర్రలు తుడిచేస్తే చాలు. ఇంత సింపుల్ ఐడియా మా వాళ్ళకి ఇంకా తట్టలేదు, దయచేసి లీక్ చేయకండి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి, వెజిటా మాత్రం మర్చిపోలేదు. సూపర్ మాంగాలో, 2018లో మొదలైన మోరో కథలో, కొత్త నమెక్ వెళ్ళినప్పుడు తను చేసిన ఆ హత్యలు వాడి నెత్తి మీదే ఉన్నాయి, ఆ బరువు దాచుకోకుండా మాట్లాడాడు. టీవీలో అంత కాలం ఎవరూ ఎత్తని ఊరి సంగతి ఆఖరికి ఎత్తింది హంతకుడే. మీ రిజిస్టర్‌లో లేని పేర్లు వాడి బుర్రలో ఉన్నాయి. అందుకేనేమో ఇన్నేళ్ళయినా నాకు వీడంటే విసుగు రాలేదు, మీరంటేనే వస్తోంది.

కాబట్టి నా విజ్ఞప్తి ఏంటంటే, వెజిటాకి మీరిచ్చిన ‘దుర్మార్గుడు కాడు’ సర్టిఫికెట్ రద్దు చేయండి. బతుకు మాత్రం తీసుకోకండి, ఉండనివ్వండి, కూతురు బుల్లాకి ఇంకా డైపర్లు మార్చాలి వాడు. సర్టిఫికెట్ ఒక్కటే వెనక్కి తీసుకోండి, వాడికి దాంతో పనిలేదు, వాడు ఎప్పుడూ అడగలేదు కూడా. అలాగే ట్సునో ఊరి అప్లికేషన్ మళ్ళీ ఓపెన్ చేసి ఏ కారణంతో తిప్పిపంపారో ఊరి బోర్డు మీద అంటించండి. నమెక్ బ్రాంచిలో ఒకేసారి మూడు కోరికలు తీరుస్తారు కదా, అందులో ఒకటి ఖర్చైనా పర్లేదు.

ఇట్లు,
ఒక వెజిటా ఫ్యాన్
(టోర్నమెంట్ స్టాండ్స్‌లో ఎడమ వైపు కూర్చున్న వాళ్ళ తరఫున కూడా)

తా.క.: ఈ లెటర్ చదివిన వాళ్ళ మెమరీ తుడిచేయమని ఎవరైనా మీ దగ్గరికి కోరికతో వస్తే ఎలాగూ మీరు కాదనరు, తెలుసు. కనీసం ఆ ట్రంక్స్ సీన్ వరకు నాకు ఉంచండి.