మూలపురుషుడికి మూపురం ఎక్కడిది?

పశువుల సామ్రాజ్యం పెట్టాలంటే ముందు పశువులు కావాలనుకుంటారు అమాయకులు. ముందు కావలసింది వారసులు. మన వారసులు కాదు, అవతలివాళ్ల వారసులు.

దక్షిణ టెక్సస్‌లో స్పెయిన్, మెక్సికో ప్రభుత్వాలు ఒకప్పుడు ఇచ్చిన భూములు తరాలు గడిచేసరికి గట్లు లేని ఉమ్మడి వాటాలయ్యాయి. ఒక్క వాటా కొన్నారా, మొత్తం భూమిలో కాలు పెట్టినట్టే. ఆపైన ఓపికుంటే చాలు. స్టీమరు పడవలు నడుపుకునే రిచర్డ్ కింగ్‌కు, అంటే తర్వాత ‘కింగ్ ర్యాంచ్’ అనే పశువుల సామ్రాజ్యం కట్టినాయనకు, ఆ ఓపిక దండిగా ఉంది. 1853లో మెండియోలా వారసుల దగ్గర 15,500 ఎకరాలు 300 డాలర్లకు కొన్నాడు. ఎకరం రెండు సెంట్లు కూడా పడలేదు. మరుసటి ఏడు ఇంకో 53,000 ఎకరాలకు 1,800 డాలర్లు పెట్టాడు. ఏడాది తిరక్కుండా ఎకరం మూడు సెంట్లు దాటిందన్నమాట. రియల్ ఎస్టేట్ బూమ్ అంటే అదీ!

భూమి వచ్చింది, పని తెలిసినవాళ్లు రావాలి. మెక్సికోలో క్రూయాస్ అనే ఊరు కరువుతో ఎండిపోతుంటే కింగ్ దొర వెళ్లి పశువులన్నీ కొనేశాడు. పశువులు పోయాక ఊళ్లో ఏం మిగిలిందని? జనం కూడా ఆయన వెంటే నడిచారు. వాళ్లకు ‘కినేన్యోలు’, అంటే కింగ్ మనుషులు, అని పేరుపడింది. తాడు విసరడం, మందను మలపడం, వాత వేయడం వాళ్ల విద్యలే. ర్యాంచ్, రోడియో అన్న మాటలు కూడా వాళ్ల భాషవే. వ్యవస్థాపకుడు మాత్రం, గమనించగలరు, ఒక్కరే.

వాత సంగతి కొంచెం చెప్పాలి. ఇనుము ఎర్రగా కాలితే వెంట్రుకలు అంటుకుని ముద్ర అలుక్కుపోతుంది, బూడిదరంగుకు రావాలి. చర్మం తడిగా ఉంటే ఆవిరికి మచ్చే మిగులుతుంది, గుర్తు కాదు. ముద్రలో పదునైన మూలలుంటే అక్కడ వేడి చేరి పుండవుతుంది. 1869లో రిజిస్టరైన కింగ్ ముద్ర అలలా మెలికలు తిరిగే డబ్ల్యు. కాపరులు దాన్ని పాముపిల్ల అనేవారు. పిలిచే హక్కయినా వాళ్లకు దక్కింది.

1885లో రాజావారు పోయేనాటికి 6,14,000 ఎకరాలు, 5 లక్షల డాలర్ల అప్పు. కోర్టులో తనమీద గెలిచిన లాయరు రాబర్ట్ క్లేబర్గ్‌ను ఆయన అప్పటికే తన పనికి పెట్టుకున్నాడు. మరుసటి ఏడు ఆ లాయరే ఇంటి అల్లుడయ్యాడు. వంశాన్ని నిలబెట్టేది కొడుకులన్నది మనవాళ్ల భ్రమ.

అసలు శత్రువు పిడుదు, అది అంటించే జ్వరం. టెక్సస్ లాంగ్‌హార్న్‌లు, అంటే అక్కడి పొడుగు కొమ్ముల పశువులు, దూడప్పుడే ఆ జ్వరం తట్టుకుని రాటుదేలేవి. అవి నిక్షేపంగా కాన్సస్ దాకా నడిచేవి. దారిలో రాలిన పిడుదులతో అక్కడి పశువులు చచ్చేవి. నేరస్థుడు ఆరోగ్యంగా ఉంటే కేసు నిలుస్తుందా? జ్వరాన్ని మోసేది పిడుదేనని 1893లో తేలింది. ఇక పశువులను మందునీళ్ల తొట్టిలో ముంచి తీయడం మొదలైంది. ఈ పిడుదు ఒంటిమీద మూడు వారాలుంటుంది. రెండు వారాలకోసారి ముంచకపోతే ఆడపిడుదు నెత్తురు తాగి, గడ్డిలోకి జారి, వేల గుడ్లు పెడుతుంది. చేసిన పని తొట్టిపాలు.

ఖరీదుపెట్టి తెచ్చిన ఇంగ్లండు షార్ట్‌హార్న్ జాతి ఆవు దొరసానులకు ఎండా పడలేదు, పిడుదూ పడలేదు. రెండింటినీ లెక్కచెయ్యని పశువు కావాలి: వదులు చర్మం, గంగడోలు, మూపురం ఉన్నది. అలా బ్రాహ్మణ్ అనే పశుజాతి రక్తం కలిపి, 1920లో పుట్టిన ‘మంకీ’ అనే ఆబోతుతో శాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేశారు. ఐదు పాళ్లు షార్ట్‌హార్న్, మూడు పాళ్లు బ్రాహ్మణ్. 1940లో ప్రభుత్వ గుర్తింపూ వచ్చింది.

ఈ బ్రాహ్మణ్ ఎవరంటారా? గిర్, కాంక్రేజ్, మన ఒంగోలు జాతులు కలిసిన అమెరికా సంకరం. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి మన గిత్తకు విదేశాల్లో ‘నెలోర్’ అని పేరు. లకారం వత్తు ఓడలోనే రాలిపోయినట్టుంది. కనుక కింగ్‌గారి వంశవృక్షం మీ కంటబడితే, క్లేబర్గ్‌ల కొమ్మలు దాటి కాస్త కిందికి చూడండి. ఎక్కడో ఒక గంగడోలు వేలాడుతూ ఉండాలి.