రోహిణి కార్తెలో శొంఠి టీ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాటను కర్నూలులో ఉండేవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అటువంటి ఎండలో, నిన్న మధ్యాహ్నం రెండు గంటల వేళ, కరెంటు పోయి అందరమూ విసనకర్రలు పట్టుకుని కూర్చున్న సమయంలో, బెంగళూరు నుంచి సెలవులకు వచ్చిన మా అన్నయ్య కోడలు పొగలు కక్కుతున్న కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి, "అత్తా, ఇది ఆయుర్వేద టీ, ఒళ్లు చల్లబడుతుంది, తాగండి" అన్నది. ఒక్క గుక్కకే గొంతు నుంచి కడుపు దాకా మంట దిగింది. పెట్టె తీసి చూస్తే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, లవంగాలు, దాల్చినచెక్క. మొదటి మూడూ కలిస్తే త్రికటువు అవుతుంది, అంటే కారానికి కారం తోడు. పైన బంగారు అక్షరాలతో "త్రిదోషాలకూ మేలు, సంవత్సరమంతా సేవించవచ్చు" అని, అంటే వాతం, పిత్తం, కఫం మూడింటికీ మంచిదేనని, అచ్చు వేశారు. 25 సంచుల పెట్టె ఖరీదు 499 రూపాయలట. ధర సంగతి నేను ఎత్తను, ఎవరి డబ్బు వారి ఇష్టం.

ఆయుర్వేదం పేరు చెప్పి అమ్మేవారు ఆ ఆయుర్వేదాన్ని ఒక్కసారైనా తెరిచి చూశారా అన్నదే నా కోపం. వాగ్భటుడు అష్టాంగహృదయమనే ఆయుర్వేద గ్రంథంలో ఋతుచర్యకు, అంటే ఏ ఋతువులో ఎలా నడుచుకోవాలన్నదానికి, ఒక అధ్యాయమే కేటాయించి, గ్రీష్మంలో కారం, పులుపు, ఉప్పు రుచులనూ, వ్యాయామాన్నీ, ఎండనూ వదిలిపెట్టమని, తియ్యగా, తేలికగా, చల్లగా, ద్రవంగా ఉండేవాటిని తీసుకోమని స్పష్టంగా చెప్పాడు. అల్లం కాచిన నీళ్లు తాగమన్నదీ ఆయనే, కాకపోతే అది వసంత ఋతువుకు, చలికాలంలో పేరుకున్న కఫం కరిగే రోజులకు చెప్పిన మాట. అంటే పెట్టెలోని సరుకు మంచిదే, వచ్చిన నెలే తప్పు. ఉగాదికి తెచ్చి ఉంటే నేనే కాచి అందరికీ పోసేదాన్ని.

పోనీ, చెప్పిన పద్ధతిలోనైనా చేస్తారా అంటే అదీ లేదు. కషాయమంటే ఒక పాలు ద్రవ్యానికి పదహారు పాళ్ల నీళ్లు పోసి, ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచమని మందుల తయారీ పద్ధతులు రాసిన శార్ఙ్గధరుడు కొలత ఇచ్చాడు. ఈ పెట్టె మీద "ప్రాచీన కషాయం" అని రాసి, దాని కిందనే "రెండు నిమిషాలు ముంచండి" అని రాశారు. రెండు నిమిషాల్లో తయారయ్యే ప్రాచీనత ఎంత సుఖమో! ఆ శార్ఙ్గధరుడే హిమం అని మరో విధానం చెప్పాడు. నలగ్గొట్టిన ద్రవ్యాన్ని ఆరు పాళ్ల చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారాక వడగట్టి తాగడం. ధనియాలను ఆ విధంగా నానబెట్టి చక్కెర కలిపి తాగితే దాహమూ లోపలి మంటా తగ్గుతాయని చెప్పారు. మా అమ్మ ధనియాలను మెత్తగా కాకుండా, గింజ రెండుగా విచ్చుకునేంత మాత్రమే రోట్లో దంచి, మట్టి ముంతలో నీళ్లు పోసి, మూతికి తడిగుడ్డ కట్టి కిటికీలో పెట్టేది. మన నల్లరేగడిలో పండే ధనియాలకు పెట్టె అవసరం లేదు, నిప్పు అవసరం లేదు, అందుకే దానికి ప్రకటన కూడా లేదు.

ఈ పిచ్చి కరోనా వచ్చిన 2020లో ముదిరింది. దేశీయ వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ కషాయానికి తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి అని లెక్కగా చెప్పి, రోజుకు ఒకటి రెండు సార్లు చాలునంటే, మా వీధిలో కొలతా పాడూ లేకుండా గిన్నెలకు గిన్నెలు కాచి, మండు వేసవిలో పూటపూటకూ తాగారు. నోరు పొక్కి, కడుపు మండి, చివరకు మందుల దుకాణం ముందు సున్నంతో గీసిన గళ్లలో నిలబడి మంట తగ్గే మాత్రలు కొనుక్కున్నారు. నిందేమో ఆయుర్వేదం మీద పడింది.

ఆ అమ్మాయి తెచ్చిన రెండో పెట్టెలో వాము, జీలకర్ర, సోంపు, అతిమధురం ఉన్నాయి. అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది. మా అన్నయ్య పదేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు, అయినా భోజనం కాగానే ఆయనకే మొదటి కప్పు! వాము సంగతి ఇక చెప్పనే అక్కరలేదు. కర్నూలు మార్కెట్ యార్డుకు గోతాలతో వచ్చే సరుకు అది. ఇక్కడి చేలలో పండి, ఎక్కడెక్కడో తిరిగి, పట్టుసంచిలో కూర్చుని మా ఇంటికే చుట్టంగా వచ్చింది.

చుట్టాలంటే గుర్తుకు వచ్చింది. మా చెల్లెలి పెళ్లి మే నెలలో జరిగింది. మగపెళ్లివారు బెంగళూరు నుంచి బస్సు దిగగానే, విడిదింట్లో మా నాన్న నన్నారి షర్బత్ ఏర్పాటు చేశాడు. సీసాలో కొన్న రంగూ ఎసెన్సూ కాదు, నల్లమల నుంచి వచ్చిన మారెడు గడ్డలు, అంటే నన్నారి వేళ్లు, దంచి ఇంట్లో పాకం కాచి, నిమ్మరసం పిండి, నానిన సబ్జా గింజలు వేసి ఇచ్చిన షర్బత్. వారిలో ఒక పెద్దమనిషి గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "ఈ రంగు నీళ్లేమిటండీ, కాఫీ దొరకదా ఈ ఊళ్లో?" అన్నాడు. మా నాన్న ఆ ఎండలో కాఫీ కోసం మనిషిని పరుగెత్తించాడు. గ్లాసులన్నీ అలాగే మిగిలిపోయాయి. ఆ ఇంటివారే ఇప్పుడు నన్నారి టీ సంచులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారని మా చెల్లెలు చెప్పింది. వాటిని కూడా మరిగే నీళ్లలోనే ముంచుతున్నారట.