పార్కిన్సన్స్ పేరిట ఇమ్యూనిటీ పొడులు

వణుకుడు జబ్బు (పార్కిన్సన్స్) మనిషి ఇంట్లో ఉంటే చాలు, ఆ ఇంటి ఫోన్లకు ‘రోగనిరోధక శక్తి పెంచే’ పొడుల ప్రకటనలు వచ్చిపడుతున్నాయి. జన్యులోపం ఉన్నవారికీ పనిచేస్తుందట. ఇది సైన్స్‌ను తలకిందులు చేసి అమ్ముకోవడం.

ఎల్‌ఆర్‌ఆర్‌కె2 జన్యువుకు పార్కిన్సన్స్‌తో సంబంధం ఉందని 2004లో తేలింది. అందులో జి2019ఎస్ అనే మ్యుటేషన్ (జన్యు మార్పు) ఉంటే, ఆ జన్యువు తయారుచేసే ఎంజైమ్ రెండు మూడు రెట్లు చురుగ్గా పనిచేస్తుంది. మన దేశ రోగుల్లో ఈ మ్యుటేషన్ చాలా అరుదు. అది వేరే సంగతి. ఆ ఎంజైమ్ రక్తంలోని రోగనిరోధక కణాలైన మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్‌లోనూ దండిగా ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ వేళ వెలువడే ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేతం తగిలితే మోనోసైట్లలో ఇంకా పెరుగుతుంది. అసలే దూకుడు మీదున్నదాన్ని పెంచుతామంటారా? మనుషులపై ప్రయోగాల్లో ఉన్న మందులు ఆ ఎంజైమ్‌ను తగ్గించేవి.

పార్కిన్సన్స్‌తో ముడిపడిన మరో రెండు జన్యువులు పింక్1, పార్కిన్ చెడితే, పాడైన మైటోకాండ్రియాను (కణానికి శక్తినిచ్చే భాగాలను) కణం సరిగా వదిలించుకోలేదు. పింక్1 లేని ఎలుకల పేగుకు ఇన్‌ఫెక్షన్ సోకించి చూశారు, 2019లో. మైటోకాండ్రియా ముక్కలను శత్రువులుగా చూసే టి కణాలు (ఇవీ రోగనిరోధక కణాలే) పుట్టి మెదడు దాకా చేరాయి. నెలల తర్వాత ఎలుకల కదలిక మందగించింది. పార్కిన్సన్స్ మందు లెవోడోపా ఇస్తే తేరుకుంది. ఎలుకల్లో కనిపించిందంతా మనుషులకు వర్తించకపోవచ్చు. కానీ ఇక్కడ కీడు చేసింది రోగనిరోధక కణాలే.

న్యూట్రోఫిల్స్‌లో ఎల్‌ఆర్‌ఆర్‌కె2 ఎంజైమ్ తీరు కొలవడమే ఓ తంటా. కణాన్ని పగలగొట్టగానే అందులోని ప్రోటియేజులు (ప్రొటీన్లను కోసే ఎంజైమ్‌లు) ఎల్‌ఆర్‌ఆర్‌కె2 ప్రొటీన్‌ను ట్యూబులోనే కొరికేస్తాయి. అందుకే ముందుగా డీఐఎఫ్‌పీ అనే విష రసాయనం కలిపి వాటిని ఆపాలి. ల్యాబుల్లో ఇంత జాగ్రత్తగా చూడాల్సిన కణాన్ని చెంచా పొడితో సరిచేస్తామంటే ఆధారమేది?

మూలికలేగా, హాని ఏముందని కొందరంటారు. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. పొడిలో అదెంతో చెప్పకుండా, డాక్టర్ రాసిన 100 మిల్లీగ్రాముల మాత్రకు తోడు మింగిస్తే వికారం, బీపీ పడిపోవడం, ఆగని మెలికలు. అవి చూసి జబ్బే ముదిరిందని ఇంటివాళ్లు బెంబేలెత్తుతారు.

మెదడు, నాడీ జబ్బులు నయమవుతాయనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇప్పుడు ‘నయం’ అన్నచోట ‘ఇమ్యూనిటీ’ అని రాసి, మందును ఆహార పదార్థమంటే సరిపోతుందా? ఈ ఎత్తుగడను ఇక్కడ చెల్లనిస్తే రేపు లూపస్‌కు, ఎల్లుండి కీళ్లవాతానికీ ఇదే పొడి వస్తుంది. సొంత ఒంటి మీదికే తిరగబడిన రోగనిరోధక శక్తి వల్ల వచ్చే జబ్బులవి. ఆ రోగులకూ ‘పెంచుకోండి’ అనే చెబుతారు!

రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులు డబ్బాలు తెప్పించి లెవోడోపా పరీక్ష చేయించాలి. ఇది మీ శాఖా, మా శాఖా అని తేల్చుకునేలోపు డబ్బాలు ఇళ్లకు చేరిపోతున్నాయి. ఫిర్యాదు వస్తే చూస్తామనడం ఏం తీరు? వణికే చేతులతో వాళ్లే వచ్చి ఫిర్యాదు రాయాలా?